‘సోలో’ అన్న మాట దగ్గర కాసేపు ఆగు

చిరంజీవి తమ్ముడికి,

హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ తొలి సోలో ఆల్బమ్ ‘బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్’ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పాటలంటే నీకు ప్రాణమని ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ నాలుగు పేజీల్లో మూడు పేజీలు 1979లో అతని పాత బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ అతన్ని తీసేసిన సంగతే. తాగుడు, లాస్ ఏంజెలెస్ హోటల్ గది. నిజమే, కానీ ఆ కథ ఎవరైనా చెబుతారు. పాటలో నీ చెవికి ఏం దొరికిందో నువ్వే చెప్పాలి.

‘సోలో’ అంటున్నాం సరే, ఈ ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు, 1980లో ఇంగ్లండ్‌లోని సర్రీలో, రిడ్జ్ ఫార్మ్ స్టూడియోలో ఆ గొంతు పక్కన ఎవరున్నారు? గిటార్ మీద ఇరవై మూడేళ్ల రాండీ రోడ్స్. బేస్ బాబ్ డైస్లీ, డ్రమ్స్ లీ కెర్‌స్లేక్, కీబోర్డ్స్ డాన్ ఎయిరీ. పక్కవాద్యాల వాళ్ల పేర్లు లేకుండా మన కచేరీల మీద ఎవరైనా సమీక్ష రాస్తే ఒప్పుకుంటామా? నీ వ్యాసంలో డైస్లీ పేరే లేదు.

ఇందులోని ‘గుడ్‌బై టు రొమాన్స్’ పాట వింటూ ఏడ్చానని రాశావు. పాత బ్యాండ్‌కు అతని వీడ్కోలు అన్నావు. అవును, వీడ్కోలే. ఆ ట్యూన్ ఓజీ నోట కూనిరాగంగా మొదలైంది. దాని కింద కార్డ్స్ పేర్చింది రాండీ. మాటలు మాత్రం డైస్లీవి. తన బాధ చెప్పుకోడానికి ఓజీకి ఇంకొకరి మాటలు కావలసి వచ్చాయి, అవి ఆ గొంతులో సొంత మాటల్లాగే పలికాయి. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది తమ్ముడూ, దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

గొంతు గురించి కూడా ఇంకా రాయాలి. సబ్బాత్ రోజుల్లో ‘ఐరన్ మ్యాన్’ పాటలో అది గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క) వెంటే నడుస్తుంది. ఈ ఆల్బమ్‌లోని ‘క్రేజీ ట్రైన్’లో రిఫ్ మైనర్ స్కేల్‌లో దిగులుగా మొదలవుతుంది, చరణం రాగానే వెలుగు నిండిన మేజర్ స్కేల్‌లోకి తెరుచుకుంటుంది, గొంతు తన దారిన తాను సాగుతుంది. బ్యాండ్ మారితే పాడే మనిషి ఎలా మారాడో అక్కడ వినిపిస్తుంది.

2002లో ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు డైస్లీ, కెర్‌స్లేక్ వాయించింది తీసేసి వేరేవాళ్లతో వాయింపజేశారు. గొంతు అదే, గిటార్ అదే. నాకు మాత్రం తెలిసిన ఇంట్లో కొత్తవాళ్లు కాపురం ఉన్నట్టు అనిపించింది. 2011లో పాతది తిరిగొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని విను. ‘అద్భుతం’ అని ఏడు చోట్ల రాశావు కదా, ఆ ఏడు చోట్లా డ్రమ్ ఏం చేసిందో, బేస్ ఎటు కదిలిందో రాయి.

ఇంకొకటి. ఓజీ గొంతు అసలు వినపడని ముక్క ఒకటి ఆ ఆల్బమ్‌లో ఉంది. ‘డీ’, నిమిషం కూడా ఉండదు. రాండీ ఒక్కడే కూర్చుని తన తల్లి డెలోరెస్ కోసం వాయించాడు. 1982 మార్చిలో విమాన ప్రమాదంలో పోయాడు. నీ వ్యాసం ఆ ముక్కతో మొదలుపెట్టి చూడు. టెన్షన్ పడకు, నెల పట్టినా పర్వాలేదు. రాశాక నాకే ముందు పంపు.

ప్రేమతో,
అన్నయ్య