బోసా నోవా జాజ్‌లో ఒక రకమేనా? ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

జాజ్‌లో రకం కాదండీ. అది బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, అక్కడి నాట్య సంగీతమైన సాంబాలోంచి పుట్టింది. జాజ్‌తో కలిసింది తర్వాత, అదీ బాగా కలిసింది.

నేను గిటార్ మీద ఈ పాటలు వాయిస్తుంటాను కాబట్టి చేతిని బట్టే చెబుతాను. కుడిచేతి బొటనవేలు మంద్ర తీగల మీద సాంబా పెద్ద డ్రమ్ములా నిలకడగా నడుస్తుంది. మిగతా వేళ్లు కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మొత్తాన్ని ఒక్కసారిగా లాగుతాయి, అదీ చాలాసార్లు బీట్ మీద కాకుండా దానికి కాస్త ముందు. ఒకే చేతిలో రెండు నడకలు. 1958లో గాయకుడు, గిటారిస్టు జోవావ్ జిల్బెర్టో రికార్డుల్లో వినిపించింది ఇదే. జాజ్ స్వింగ్‌లో బీట్‌లోని మొదటి సగం సాగి రెండోది కురచవుతుంది, ఇక్కడ రెండూ సమానం. కార్డ్స్ మాత్రం జాజ్ వాళ్లకు కొత్తేం కాదు. బోసా నోవా స్వరకర్త జోబిమ్ పాటల్లో సెవెంత్‌లు, నైన్త్‌లు, అంటే మామూలు కార్డ్‌కి అదనపు స్వరాలు చేర్చినవి, బోలెడు. అందుకే వాటి మీద సోలో అల్లడం వాళ్లకు సులువైంది.

1961లో గిటారిస్టు చార్లీ బర్డ్ అమెరికా ప్రభుత్వం తరఫున లాటిన్ అమెరికా పర్యటనకు వెళ్లి ఈ పాటలు విని వచ్చాడు. సాక్సోఫోన్ వాయించే స్టాన్ గెట్జ్‌తో కలిసి 1962 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని ఒక చర్చి హాల్లో 'జాజ్ సాంబా' రికార్డు చేశాడు. మరుసటి ఏడాది అది బిల్‌బోర్డ్ పాప్ ఆల్బమ్‌లలో మొదటి స్థానానికి చేరింది. మంచి రికార్డే, కానీ నా చెవికి బ్రెజిల్ పాటలు వాయిస్తున్న అమెరికన్ బృందంలాగే ఉంటుంది.

మీరు మాత్రం 1963 మార్చిలో న్యూయార్క్‌లో చేసిన 'గెట్జ్/జిల్బెర్టో'తో మొదలుపెట్టండి. ఇందులో గిటార్ జోవావ్‌ది, పియానో జోబిమ్‌ది, డ్రమ్స్ మిల్టన్ బనానావి. 'గర్ల్ ఫ్రమ్ ఇపనేమా'లో జోవావ్ పోర్చుగీసులో దాదాపు గుసగుసగా పాడాక అప్పటి అతని భార్య ఆస్ట్రుడ్ ఇంగ్లీషులో అందుకుంటుంది. తర్వాత వచ్చే గెట్జ్ సాక్సోఫోన్‌లో స్వరంతో పాటు ఊపిరి కూడా వినిపిస్తుంది. అతను ఎంత దూరం వెళ్లినా వెనక ఆ గిటార్ నడక చెదరదు. నా దృష్టిలో అసలు కలయిక అక్కడుంది. సింగిల్‌గా వచ్చినదాంట్లో జోవావ్ పాడిన భాగం తీసేశారు, కాబట్టి ఐదు నిమిషాలు దాటే ఆల్బమ్ వెర్షనే వెతుక్కోండి.

ఈ కలయిక బ్రెజిల్‌లో అందరికీ నచ్చలేదు. జాజ్ ప్రభావంతో సాంబా చిక్కిపోతోందని బోసా నోవా స్వరకర్త కార్లోస్ లిరా ఏకంగా పాటే కట్టాడు. ఆ పాటలోనూ జాజ్ వినిపిస్తుంది, తప్పకుండా వినండి.