టికెట్ కొని పాట వినండి: మీ ప్రశ్నలు, నా జవాబులు

మన ఊరి కుర్ర బ్యాండ్ ఒకటి గత నెల హన్మకొండలో తమ పేరు మీదే టికెట్లు అమ్మి మొదటిసారి పూర్తి కాన్సర్ట్ చేసింది. నేనూ వెళ్ళాను, పోయిన సంచికలో దాని గురించి నాలుగు ముక్కలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దాని గురించే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం పాటలకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా, నేను కూడా ఆ కాన్సర్ట్‌కి వచ్చాను. నాకు చాలా నచ్చింది. కానీ హాలు సగమే నిండింది, నాలుగైదు పాటలయ్యాక సింగర్ గొంతు పట్టేసింది, మధ్యలో మైక్ కుయ్యిమంది. మా ఫ్రెండ్స్ సరిగ్గా ఆ ముక్కనే రీల్ చేసి పెట్టి ‘ఫ్లాప్ షో’ అంటున్నారు. వాళ్ళతో గొడవ కూడా అయింది. నిజంగా అది ఫ్లాపేనా?
(డిగ్రీ విద్యార్థిని, సుబేదారి)

జవాబు: ఫ్లాప్ కానే కాదు తల్లీ. వెనకాల సౌండ్ మిక్సర్ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా. ఈ పిల్లల్ని మనం ఇంతకుముందు చూసింది కాలేజీ ఫెస్టుల్లో, పెద్ద సింగర్ వచ్చేదాకా జనం కదలకుండా ఉండడానికి ఇచ్చే ఆ అరగంటలోనే కదా. అరగంటకి ఆరు పాటలు, వాటిలో సగానికి పైగా సినిమా పాటలు, అవి ఎలాగూ అందరికీ నోటికి వచ్చు కాబట్టి సగం పాట జనమే పాడేస్తారు. సొంత కాన్సర్ట్ అంటే గంటన్నర, అందులో ఎక్కువ భాగం ఎవరూ అంతకుముందు వినని పాటలు. ఏ పాట తర్వాత ఏది రావాలి, గొంతుకి ఎక్కడ విశ్రాంతి ఇవ్వాలి, గిటార్ శృతి చేసుకునే ఆ కాసేపు జనంతో ఏం మాట్లాడాలి, ఇవన్నీ రిహార్సల్ గదిలో ఎంత కూర్చున్నా పూర్తిగా పట్టుబడవు. స్టేజీ ఎక్కితేనే తెలుస్తాయి.

గొంతు ఎందుకు పట్టేసిందో కూడా చూస్తుంటే అర్థమైంది. పైస్థాయిలో పాడాల్సిన పాటలన్నీ వరసగా ముందే పెట్టేసుకున్నారు, మొదటి పావుగంటలోనే జనాన్ని పట్టేయాలన్న ఆత్రం. దానికి తోడు స్టేజీ మీద పాడేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్, అంటే మానిటర్‌లో సింగర్‌కి తన గొంతు తనకే సరిగా వినపడలేదు, మాటిమాటికీ చెవి మీద చెయ్యి పెట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. తన గొంతు తనకి వినపడనప్పుడు ఎవరైనా తెలియకుండానే అరుస్తారు, అలా అరిస్తే గొంతు ఎంతోసేపు నిలవదు. ఆ కుయ్యిమన్న శబ్దం కూడా అందులోంచి వచ్చిందే. గొంతు వినపడాలని మానిటర్ పెంచుతారు, దాంట్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైక్‌లోకి వెళ్తుంది, మైక్‌లోంచి మళ్ళీ స్పీకర్‌లోకి, అలా తిరిగి తిరిగి పెరిగిపోతుంది. మొదటి కాన్సర్ట్‌లో సౌండ్‌చెక్‌కి టైం సరిపోకపోతే ఇలాంటివి మామూలే, రెండో దాంట్లో సర్దుకుంటాయి.

ఇప్పుడు ఆ రీల్‌లో లేనిది చెప్తాను. డప్పు. డ్రమ్ కిట్ పక్కన డప్పుని వినిపించడం చాలా కష్టమైన పని. తోలు డప్పుని మంట దగ్గర కాచి బిగించాలి, వదులైతే మళ్ళీ కాచాలి, ఆడిటోరియంలో మంట ఎక్కడ పెడతారు? అందుకే ఇప్పుడు చాలామంది తోలుకి బదులు ప్లాస్టిక్ వేసిన డప్పు వాడుతున్నారు, దాని మోత పదునుగా ఉంటుంది గానీ తోలు డప్పులో ఉండే ఆ నిండుదనం నాకైతే అందులో వినపడదు. డ్రమ్స్, గిటార్లు అన్నీ కలిసి మోగితే ఆ పదును కూడా మునిగిపోతుంది. ఈ పిల్లలు ఏం చేశారంటే, డప్పు వచ్చే చోట డ్రమ్మర్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము తప్ప మిగతావన్నీ ఆపేశాడు, గిటార్ ఒక్క తీగ మీదే ఆగింది. డప్పు కొట్టే రెండు పుల్లల్లో సిర్ర దెబ్బ వేరే, సిటికెన పుల్ల దెబ్బ వేరే, రెండూ విడివిడిగా వినపడ్డాయి. స్టేజీ మీద డప్పు అలా వినపడాలని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నా. పాటని ఇంత ఆలోచించి కట్టుకున్నవాళ్ళని ఎవరో పెట్టిన పదిహేను సెకన్ల ముక్కతో కొలవడం అన్యాయం.

ఇంకోటి, గొంతు పోయాక వాళ్ళు పాట ఆపలేదు, గుర్తుందా? బేస్ గిటార్ వాయించే అమ్మాయి మైక్ దగ్గరికి వచ్చి పల్లవి అందుకుంది. ఆ అమ్మాయి పాడుతుందని అప్పటిదాకా హాల్లో ఎవరికీ తెలియదు. వెనక వరుసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి, రెండో చరణానికల్లా ఆ కొత్త పల్లవి మన నోటికి వచ్చేసింది. అంతవరకు వినని పాట అదే రోజు జనం నోట్లోకి రావడం కంటే ఒక బ్యాండ్‌కి ఇంకేం కావాలి!

హాలు సగమే నిండిందంటారా, డబ్బులు పెట్టి తెలియని పాటలు వినడానికి సగం హాలు జనం వచ్చారంటే నాకు అది ధైర్యమే ఇస్తోంది. ఫ్రెండ్స్‌తో గొడవ వద్దు. మీ ఫోన్‌లో డప్పు ముక్క ఉంటే అది పెట్టండి, వాళ్ళూ వింటారు.

ప్రశ్న: బ్యాండ్‌లో ఒకబ్బాయి మా బాబాయి వాళ్ళ ఆఫీసులో పనిచేసే అతని కొడుకే. వచ్చేసారి పాసులు అడగొచ్చా? టికెట్ నాలుగొందలంటే స్టూడెంట్స్‌కి కష్టమే కదా.
(ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట)

జవాబు: అడగొద్దు తమ్ముడూ, దయచేసి. లెక్క చూడండి. 200 మంది తలా ₹400 పెడితే ₹80,000 వస్తాయి. హాలు అద్దె, సౌండ్ సిస్టం, లైట్లు, కరెంటు పోతే జనరేటర్, వాద్యాలు మోసుకొచ్చే బండి, అన్నీ దాంట్లోంచే. వేరేవాళ్ళ పాటలు కూడా పాడితే వాటి హక్కుల కోసం, పాట రాసినవాళ్ళ, సంగీతం కట్టినవాళ్ళ తరఫున డబ్బు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, దానికో ఖర్చు. ఆ 200 మందిలో 50 మంది పాసుల మీద వస్తే ₹20,000 అక్కడే పోయినట్టు. చిన్న కాన్సర్ట్‌లో అన్నీ పోను బ్యాండ్ చేతికి అంత కూడా మిగలకపోవచ్చు. టికెట్ ₹500 దాకా ఉంటే దాని మీద జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. చిన్న షోలకి ₹499 అనే రేటు ఎక్కువగా కనపడడానికి అదొక కారణం, వాళ్ళు మన జేబు చూసే రేటు పెడుతున్నారు.

మన దగ్గర ఆడిటోరియంలో ప్రోగ్రాం అంటే పాసో, తెలిసినవాళ్ళ ఫోనో అన్న అలవాటు సభల నుంచి, సన్మానాల నుంచి వచ్చింది. సినిమాకి మాత్రం మొదటి రోజే టికెట్ కొంటాం కదా, పాప్‌కార్న్‌తో కలిపి ఎంతవుతుందో మీకే తెలుసు. నిజంగా డబ్బుకి ఇబ్బందిగా ఉంటే బ్యాండ్‌కి నేరుగా మెసేజ్ పెట్టి, గేటు దగ్గర టికెట్లు చూడడానికో, కుర్చీలు సర్దడానికో మనిషి కావాలా అని అడగండి. వాళ్ళకి సాయం, మీకు పాట.

ప్రశ్న: టికెట్ కొన్నాక నచ్చిన సినిమా పాట అడిగే హక్కు మాకు లేదా? మేం అరిస్తే సింగర్ నవ్వి ఊరుకున్నాడు. ఒక్క హిట్ పాట పాడితే ఏం పోయేది?
(హుజూరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అడగడం తప్పని అనను. కానీ ఆ రోజు పాడకపోవడమే మంచిదైంది. సినిమా పాట మీకు రేపు ఫోన్‌లో దొరుకుతుంది, ఏ పెళ్ళి సంగీత్‌కి వెళ్ళినా వినపడుతుంది. వీళ్ళ సొంత పాట మాత్రం వీళ్ళు పాడితేనే ఉంటుంది. పాట అంటే సినిమాదే అన్న ఆలోచన మన ప్రాంతానికి అసలు అతకదు. ఐనవోలు మల్లన్న జాతరకి వెళ్ళండి, ఒగ్గు కళాకారులు కథ ఎత్తుకుంటే రాత్రుళ్ళు కూర్చుని వింటారు. బతుకమ్మ పాటలకి ఏ హీరో కావాలి? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం జరిగితే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చాయి, ఆ పాటలు ఏ సినిమాలోంచీ వచ్చినవి కావు. అలాంటి జనానికి ఐదుగురు పిల్లలు గిటార్లతో, డప్పుతో పాడే కొత్త పాట వినే ఓపిక లేదంటే నేను నమ్మను. రెండు మూడు పాటలు వినేదాకా ఆగండి, అప్పటికీ నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు.

ప్రశ్న: స్టేజీకి దగ్గరగా ముందు నిలబడితేనే బాగా వినపడుతుందా?
(పరకాల నుంచి)

జవాబు: బాగా కనపడుతుంది, బాగా వినపడదు. ముందు మీకు డ్రమ్స్, గిటార్ స్పీకర్ పెట్టె (ఆంప్) నేరుగా తగులుతాయి, గొంతు తగ్గిపోతుంది. సౌండ్ ఇంజనీర్ ఎక్కడ కూర్చుంటాడో చూసుకుని ఆ దగ్గర్లో ఉండండి, అతను తన చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ కలుపుతాడు. గోడల మూలలకి మాత్రం వెళ్ళొద్దు, అక్కడ బేస్ మోత ఎక్కువైపోతుంది.

ప్రశ్న: మా పాప ఇంటర్ చదువుతోంది. హైదరాబాద్‌లో ఏదో కొత్త బ్యాండ్ కాన్సర్ట్ అంట, వెళ్తానని ఒకటే పట్టు. రాత్రిపూట అంటే నాకు టెన్షన్. ఆ శబ్దానికి చెవులు పాడవ్వవా?
(ఒక తల్లి, హసన్‌పర్తి)

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమైంది అమ్మా. వద్దనకండి, వీలైతే మీరే తోడు వెళ్ళండి, మీకూ నచ్చొచ్చు. రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని నిబంధన ఉంది, కాబట్టి ఆరుబయట షో అయితే మామూలుగా ఆ లోపే ముగుస్తుంది. కానీ సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు, గేట్లలో రద్దీ, స్టేషన్ దాకా ఆటో, అన్నీ కలిపితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. ఆ రాత్రికి అక్కడ చుట్టాలింట్లో ఉండి పొద్దున రావడమే మేలు.

చెవుల భయం మాత్రం నిజమైనదే. కాన్సర్టుల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, కానీ అన్నిచోట్లా ఎవరు కొలుస్తారు? మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తక్కువ ధరకే వస్తాయి, అవి పెట్టుకున్నా పాట వినపడుతుంది. స్పీకర్లకి దూరంగా ఉండమనండి, మధ్యమధ్యలో కాసేపు బయటికి రమ్మనండి. మర్నాటికి కూడా చెవిలో గుయ్యిమంటుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మాదీ ఒక బ్యాండ్ అక్కా. వచ్చే నెల మా మొదటి సొంత షో, చిన్న ఫంక్షన్ హాల్లో. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
(నర్సంపేట కుర్రాళ్ళు)

జవాబు: పైన గొంతు గురించి రాసింది ముందు చదవండి. కష్టమైన పాటల మధ్య తేలికవి పెట్టండి, బాగా నమ్మకమున్న పాటని చివరికి దాచుకోండి. ఫంక్షన్ హాళ్ళలో గోడలూ నేలా గట్టివి కాబట్టి శబ్దం మార్మోగుతుంది, వెనక గోడకి మందపాటి తెరలు కడితే కొంత తగ్గుతుంది, టెంట్ హౌస్‌లో అడిగి చూడండి. సౌండ్‌చెక్ సాయంత్రం జనం వచ్చే టైంకి పెట్టుకోకుండా మధ్యాహ్నమే చేయండి, అందులో ముందుగా తేల్చాల్సింది పాడేవాళ్ళకి తమ గొంతు వినపడుతోందా లేదా అన్నదే. అదనంగా తీగలు, బ్యాటరీలు, ఒక కేబుల్ దగ్గర పెట్టుకోండి. పోలీసు పర్మిషన్ కాగితం పోస్టర్ వేయకముందే చేతిలో ఉండాలి. టికెట్ ఎంత పెట్టాలా అని మొహమాటపడకండి, ఇంట్లోవాళ్ళకి కూడా అమ్మండి. తేదీ ఖరారయ్యాక నాకు రాయండి, నాది ఒక టికెట్ పక్కన పెట్టండి, డబ్బులు ముందే పంపిస్తాను.