జడ్జిగారి బదిలీ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మా తాతల నాటి పొలంలో రెండెకరాలు ప్రభుత్వ భూమి అంటూ రెవెన్యూ వాళ్లు బోర్డు పాతారు. తిరుపతి కోర్టులో దావా వేస్తానంటే ఇంట్లో వద్దంటున్నారు. ‘జడ్జికి జీతమిచ్చేది గవర్నమెంటే కదా, ఎమ్మెల్యే తలుచుకుంటే రాత్రికి రాత్రి బదిలీ చేయిస్తాడు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: కాదండీ. ఆ మాట నమ్మి ఆగిపోవద్దు. రాజ్యాంగం 235వ అధికరణ కింది కోర్టులన్నిటినీ హైకోర్టు అజమాయిషీలో పెట్టింది. జిల్లా జడ్జిని నియమిస్తూ ఉత్తర్వు గవర్నరు పేరున వచ్చినా, హైకోర్టును సంప్రదించకుండా రాదు. ఆ తర్వాత ఆయన్ను బదిలీ చేసేది హైకోర్టే. జీతం ట్రెజరీ నుంచి వస్తుంది, నిజమే. దాన్ని ఆపే అధికారం కలెక్టరుకు లేదు, మంత్రికీ లేదు. ఇక హైకోర్టు జడ్జిల జీతాల మీదైతే అసెంబ్లీలో ఓటింగే ఉండదు.

ఈ భయం ఎక్కువగా ‘ఆర్డీవో కోర్టు’ అన్న వాడుక వల్ల పుట్టింది. పాసుపుస్తకాల అప్పీళ్లు వినే ఆర్డీవో ప్రభుత్వ అధికారి, ఆయన బదిలీ ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. మీరు వెళ్లబోయేది సివిల్ కోర్టు.

అక్కడ ప్రభుత్వం మీద వేసిన దావాలు తరచు దెబ్బతినేది నోటీసు దగ్గరే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ముందుగా కలెక్టరుకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. తహసీల్దారునూ ప్రతివాదిగా చేరుస్తుంటే ఆయనకూ ఇవ్వండి. మీ పేరు, చిరునామా, సర్వే నంబరు, ఏం జరిగింది, ఏం కోరుతున్నారు అన్నీ అందులో ఉండాలి. కలెక్టరేట్‌లో ఇచ్చి మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రెండు నెలలు పూర్తయ్యాకే దావా వేయాలి, నోటీసిచ్చిన సంగతి దావాలో రాయాలి. అది రాయకపోతే మొదట్లోనే అభ్యంతరం వస్తుంది. నోటీసులో చిన్నాచితకా పొరపాట్లున్నంత మాత్రాన దావా కొట్టేయరు.

రేపో మాపో జేసీబీ వస్తుందనుకుంటే సెక్షన్ 80(2) కింద కోర్టు అనుమతి తీసుకుని నోటీసు లేకుండానే దావా వేయొచ్చు. అయితే ప్రభుత్వం వాదన వినకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వరు. తొందర లేదని కోర్టు అనుకుంటే, నోటీసిచ్చి రమ్మని దావా కాగితాలు తిరిగిచ్చేస్తుంది.

ఎవరో పెద్దమనిషిని పట్టుకుని జడ్జిగారికి చెప్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. మీకున్న రక్షణను మీరే చెడగొట్టుకున్నవారవుతారు. పక్షపాతం జరుగుతోందనడానికి గట్టి ఆధారముంటే, కేసును వేరే కోర్టుకు మార్చమని సెక్షన్ 24 కింద జిల్లా కోర్టులోగానీ హైకోర్టులోగానీ పిటిషన్ వేయొచ్చు. ఏదో ఒక ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వచ్చిందన్నది అందుకు చాలదు.