చిట్టీ, తేనెపెట్టెలు పెడతావట కదా

చిట్టీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఊరందరి కబుర్లూ అయ్యాక, పెట్టేసే ముందు మెల్లిగా చెప్పింది, చిట్టి పెరట్లో తేనెటీగల పెట్టెలు పెడతాదట వదినా, పది పెట్టెలకి ఆర్డర్ ఇస్తానంటంది అని. పది! నా గుండె గుభేల్మంది. తర్వాత ఒక్కదాన్నే కూచుని నవ్వుకున్నాను కూడా, మీ మావయ్యతోనే పోయిందనుకున్న పిచ్చి మేనకోడలికి అంటుకుందన్నమాట. సెలవలకి మా ఊరు కవిటి వచ్చినప్పుడల్లా అన్నంకూడా మర్చిపోయి పెట్టె పక్కన గొంతుక్కూచుని, ఈగలు కాళ్ళకి పుప్పొడి ముద్దలు పెట్టుకుని లోపలికి పోతుంటే చూసేదానివి నువ్వే కదే.

సరే పెట్టు, వద్దనను. కానీ పది కాదు, రెండు. ఒక్కటే ఉంటే అది బాగుందో లేదో పోల్చుకోడానికి ఏమీ ఉండదు, రెండుంటే ఒకదాంట్లో రాణి పోయినా రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రం) తీసి పెడితే వాళ్ళే కొత్త రాణిని చేసుకుంటారు. విజయనగరం టౌన్లో గోడకి గోడ ఆనుకుని ఇళ్ళున్న వీధిలో మూడో పెట్టె ఎందుకే నీకు.

పుట్టతేనె ఈగలే తీసుకో. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో చీకట్లో వరసగా పట్లు కట్టుకునేవి అవే, పెట్టెలో ఉండేదీ అవే. మీ వీధి చివర వాటర్ ట్యాంకు కింద ఒకటే పెద్ద పట్టు వేలాడుతుందని ఫొటో పెట్టావు చూడు, అది కొండ ఈగ, పెట్టెలో చచ్చినా ఉండదు, దాని జోలికి వెళ్ళావంటే నేనే వచ్చి వీపు మీద వేస్తాను. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టు, లేకపోతే చీమలు పట్టి ఈగలు పెట్టె వదిలేసి పోతాయి. మైనం పురుగు రాకుండా అడుగుపలక శుభ్రంగా ఉంచుకో. ఇంతకంటే ట్రైనింగ్ కావాలంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి (కేవీకే) వెళ్ళి అడుగు, యూట్యూబ్ లో గ్లవ్స్ లేకుండా చేతులు పెట్టేవాళ్ళని చూసి నేర్చుకోకు.

నాకు ఈగల గురించి భయం లేదు. నీ ఇరుగుపొరుగు గురించే. పెట్టె నీ పెరట్లో ఉంటుంది గానీ ఈగ ఇంచుమించు కిలోమీటరు దాకా తిరుగుతాది, అందులో నీ పెరడెంత. ఎడమపక్క మాస్టారి గులాబీలు, కుడిపక్క వాళ్ళ డాబా మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు (ఈగలు ఎగురుతూ పసుపు చుక్కలు వేస్తాయి, అవి ఉతికినా తొందరగా పోవు), అన్నిటికంటే ముందు వెనకింటి వాళ్ళ గేదెలు. మీ అమ్మని అడిగాను, ఇంకా అక్కడే కడుతున్నారట కదా, మీ గోడకి ఇవతలకే మూతి పెట్టి. పెట్టె ఆ గోడ వైపు పెట్టకు. అస్సలు పెట్టకు.

ఎందుకంటున్నానో చెప్తాను, నీకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, హైస్కూల్లో ఉన్నావు.

శ్రావణమాసం. నాలుగురోజులు ముసురు పట్టి ఆ రోజే కాస్త ఎండ వచ్చింది. మీ మావయ్య స్నేహితుడు ఒకాయన హైదరాబాద్ నించి వచ్చి, కల్తీలేని తేనె మీ ఇంట్లోంచే పట్టుకెళ్ళాలి అన్నాడు. జీడి పూత ఎప్పుడో అయిపోయింది, వేప అయిపోయింది, ఆ నెలలో ఈగలకే తిండి ఉండదు, ఉన్నది వాటి కోసం ఉంచాలి, ఇది మీ మావయ్యకి తెలీదా, నాకంటే బాగా తెలుసు. కానీ స్నేహితుడు అడిగాక కాదనలేరు ఆయన. మిట్టమధ్యాన్నం మూడు పెట్టెలు విప్పారు, పైన ఉన్న ఫ్రేములు తీసుకొచ్చి వీధరుగు మీద పెట్టి, డ్రమ్ము తిప్పి తేనె తీసి, చెమ్మటకి ఫ్యాన్ కింద కూచోడానికి ఇద్దరూ లోపలికొచ్చారు. అరుగు మీద తేనె కారుతున్న ఫ్రేములు అలాగే ఉన్నాయి, డ్రమ్ముకి మూత లేదు. నేను వంటింట్లో ఉన్నాను, ఏదో వాన వస్తున్న చప్పుడులా వినిపించింది, ఎండగా ఉంది కదా అనుకుంటూ బయటకొస్తే అరుగు కనపడలేదు, అంత ఈగలు. ఆకలి మీదున్నవి తేనె వాసన పట్టాయంటే ముందు అరుగు మీదది దోస్తాయి, తర్వాత పక్కపెట్టె దోస్తాయి, ఆ పెట్టె కాపలా ఈగలు తిరగబడతాయి, ఇంక అడ్డొచ్చిన ప్రాణినల్లా కుడతాయి. ఒక ఈగ కుట్టిందంటే అక్కడ ముగ్గిన అరటిపండు వాసన లాంటిది వస్తుంది, ఆ వాసనకి మిగతావి అక్కడికే వచ్చి కుడతాయి.

మేం తలుపులేసుకున్నాం. పక్కింటి అప్ప వాళ్ళ ఆవు, నెల కూడా నిండని దూడ మా దడి పక్కనే కొబ్బరిచెట్టుకి కట్టి ఉన్నాయి. మనిషైతే పరిగెత్తుతాడు, దుప్పటి కప్పుకుంటాడు. తాడున్న పశువేం చేస్తాది? ఆ దూడ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి తాడంతా మానుకి చుట్టేసుకుంది, మెడ చెట్టుకి అంటుకుపోయింది, ఇంక అడుగు కదల్లేదు. అప్ప వాళ్ళాయన గోనెసంచి కప్పుకుని కొడవలితో రెండు తాళ్ళూ కోశాడు, ఆయన మొహం మూడురోజులు కళ్ళు కనపడకుండా వాచిపోయింది. ఆవు బతికింది. దూడ సాయంత్రానికే పోయింది.

మర్నాడు మీ మావయ్య డబ్బులు పట్టుకెళ్ళారు. అప్ప తీసుకోలేదు. దూడకి డబ్బులిస్తావు బాబూ, దూడ లేకపోతే ఆవు చేపదు, దానికేటిస్తావు అంది. అంతే, ఇంకో మాట అనలేదు. మా దడిలో ఒక కంత ఉండేది, అందులోంచే నేను పప్పు గిన్నె ఇచ్చేదాన్ని, ఆవిడ తోడుపెట్టిన పెరుగు ఇచ్చేది, పదేళ్ళ అలవాటు. ఆ వారంలోనే దాంట్లో మొగలి కంప కుక్కేశారు. నేను రోజూ ఆ కంప చూస్తూనే గిన్నెలు తోమేదాన్ని. తిత్లీ తుఫాను వచ్చే దాకా అలాగే ఉంది, 2018 అక్టోబర్ లో ఆ గాలికి కొబ్బరిచెట్లతో పాటు దడి, కంప, మా పెట్టెలు అన్నీ పోయాయి, తెల్లారి నడుం లోతు మట్టల మధ్యలోంచి బతికున్నారా అని మొదట కేకేసింది ఆ అప్పే.

పెట్టెలు విప్పుతున్నాం, కాసేపు పశువుల్ని అవతల కట్టుకోండి అని ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే వాళ్ళు కట్టుకునేవాళ్ళు. ఒక్క నిమిషం పని. అందుకని నువ్వు పెట్టె కొనక ముందే మూడిళ్ళకీ వెళ్ళు. ఫోన్లో మెసేజ్ పెట్టడం కాదు, వెళ్ళు, కూచో, టీ ఇస్తే తాగు. మీ ఇంట్లో తుమ్మెద కుట్టినా, ఈగ కుట్టినా ఎప్పుడైనా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళు, ఆయాసం వచ్చినవాళ్ళు ఉన్నారా అని అడుగు. ఉన్నారన్నారంటే పెట్టెలు మీ ఇంట్లో వద్దు, ఊరవతల ఎవరిదైనా మావిడితోటలో పెట్టుకో, నేనే మాట్లాడి పెడతాను. మాస్టారికి గులాబీలకి పురుగుమందు కొట్టే అలవాటు ఉంటే సాయంత్రం ఈగలు లోపలికెళ్ళాక కొట్టమని, ముందురోజు చెప్పమని బతిమాలుకో.

చోటు ఒక్కసారే చూసుకుని పెట్టాలి చిట్టీ, తర్వాత పక్కింటివాళ్ళు ఇబ్బందన్నారని పెట్టె ఇరవై అడుగులు జరిపితే బయటికెళ్ళిన ఈగలు పాతచోటికే వచ్చి గాల్లో తిరుగుతుంటాయి. జరపాలంటే రోజుకి అడుగో రెండడుగులో, లేదా రాత్రి పెట్టె గుమ్మం మూసి మూణ్ణాలుగు కిలోమీటర్ల అవతలికి. మునగచెట్టు పక్కన మూల ఉంది చూడు, అక్కడ బాగుంటుంది. గుమ్మం మీ ఇంటి వైపే తిప్పు, నీ తలనొప్పి నువ్వే పడు, దానికి ఎదురుగా నాలుగైదు అడుగుల్లో ఆరడుగుల ఎత్తు గ్రీన్ నెట్ కట్టు, అప్పుడు ఈగ బయటికి రాగానే పైకి లేచి మనుషుల తలల మీదనించి పోతాది. నీళ్ళు పెట్టె రాక ముందే పెట్టు, వెడల్పు మట్టి మూకుడులో గులకరాళ్ళు వేసి, ఒక్కరోజు కూడా ఎండనివ్వకు. వేసవిలో ఒకసారి పక్కింటి కుళాయి రుచి మరిగాయంటే నువ్వు పన్నీరు పోసినా నీ మూకుడు దగ్గరికి రావు.

పెట్టె విప్పడం మంచి ఎండ ఉన్న రోజు, తొమ్మిది పది గంటలకి, పెద్ద ఈగలన్నీ పూల మీదికి పోయినప్పుడు. మబ్బుగా ఉన్నా, చీకటి పడుతున్నా విప్పకు. వీధిలో స్కూల్ ఆటో వచ్చే టైమ్ లో అసలే వద్దు. పొగకి కొబ్బరిపీచు నేను పంపిస్తాను. లేతరంగు బట్టలు, జడ గట్టిగా అల్లుకుని లోపలికి దోపుకో, సెంటు కొట్టుకోకు. కుట్టిందా, గోరుతో వెంటనే గీకి ముల్లు తీసేయ్, ఎలా తీశావన్నది కాదు ఎంత తొందరగా తీశావన్నదే ముఖ్యం, తర్వాత దూరంగా వచ్చి సబ్బుతో కడుక్కో. పెదాలు వాచినా గొంతు పట్టినట్టున్నా సున్నం రాసుకుంటూ కూచోకుండా 108 కి ఫోన్ చెయ్.

తేనె వేప పూతలోపే తీసెయ్, వానలు మొదలయ్యాక ముట్టుకోకు. ఫ్రేములు మూతున్న డబ్బాలో పెట్టి గదిలోకి తెచ్చి, కిటికీలు మూసి తీయి. ఏడాదికి మూడు నాలుగు కేజీలొస్తే సంతోషించు, వ్యాపారం లెక్కలు నాకు చెప్పకు. వానల్లో పంచదార పాకం పెట్టాల్సొస్తే సాయంత్రం చీకటి పడ్డాక పెట్టె లోపలే పెట్టు, బొట్టు బయట పడకూడదు.

ఇంకోటి, మావిడి పూత టైమ్ లో గుంపు చీలి మాస్టారి చెట్టుకి గుత్తులా వేలాడొచ్చు. ఆయన బెదిరిపోతారు పాపం. అవి కడుపునిండా తేనె తాగి ఇల్లు వెతుక్కుంటున్నవి, మామూలుగా కుట్టవు, కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వెళ్ళిపోతాయి అని ముందే చెప్పి ఉంచు. ఆ నెలల్లో వారానికోసారి పట్టు కింది అంచున రాణి గదులు కట్టాయేమో చూసుకో.

మీ నాన్నకి ఇంకా చెప్పలేదట కదా, నన్ను చెప్పమంటావని మీ అమ్మ అంది. నేను చెప్పను. ఆ దూడ సంగతి వాడికి తెలుసు, మొదట అదే ఎత్తుతాడు. నువ్వే చెప్పు, ఆదివారం భోజనమయ్యాక, ముందు చెప్తే తినకుండా లేచిపోతాడు.

మీ అత్త