పాప కాలి కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మావారు ఆటో నడుపుతారు, నెలకు 18 వేలు మిగులుతాయి. మూడు నెలల క్రితం హైవే మీద లారీ తగిలి మా ఏడేళ్ల పాపకు మోకాలి కింద కాలు తీసేశారు. కృత్రిమ కాలికి ప్రైవేటులో 1.80 లక్షలు అడిగారు. నా బంగారం బ్యాంకులో పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. పెద్దవాళ్లకైతే వేరే సంగతి. ఎదిగే పిల్లకు బూట్లు బిగుతైనట్టే సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) కూడా బిగుతవుతుంది, కాలు పొడవు చాలదు. ఈ అప్పు తీరకముందే రెండో కాలు కావాల్సి వస్తుంది.

ముందు గ్రామ సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువీకరణ) పరీక్షకు స్లాట్ తీసుకోండి. సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం ఉండాలి. మోకాలి కింద కాలు పోతే అంతకంటే ఎక్కువే రాస్తారు. అది చేతికొస్తే, వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం అడిప్ పథకానికి అర్హత వస్తుంది. నెలకు 22,500 లోపు ఆదాయమున్న ఇంటికి పూర్తి సాయం. పెద్దవాళ్లకు మూడేళ్లకోసారి ఇస్తే, 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాదికోసారి ఇస్తారు. మీకు కావాల్సిందదే. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్రం నడిపే సీఆర్‌సీలో అడగండి, తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఎముకల ఆసుపత్రిలోనూ చూపించండి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరుకు చెబితే స్కూలు పిల్లల ఉపకరణాల క్యాంపు జాబితాలో పేరు రాస్తారు.

అసలు డబ్బు మాత్రం లారీ ఇన్సూరెన్స్‌లో ఉంది. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో (పరిహారం తేల్చే కోర్టు) క్లెయిమ్ వేయాలి, మీకు మూడు నెలలు అయిపోయాయి. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని ఈ వారమే లాయరును కలవండి. ఆ 1.80 లక్షల కొటేషన్ పారేయకండి, ఆయనకివ్వండి. 2022లో ఒక కేసులో సుప్రీంకోర్టు కృత్రిమ కాలికే కాక, దాన్ని మళ్లీ మార్చడానికి, రిపేర్లకు కూడా లెక్కగట్టి పరిహారం ఇచ్చింది. పెద్దమనుషులు కూర్చుని లారీ ఓనరు దగ్గర ఏ 50 వేలో ఇప్పిస్తామంటే సంతకం పెట్టొద్దు. పరిహారంలో ఎక్కువ భాగం పాప పేరున డిపాజిట్‌లో ఉంచుతారు. కాలు మార్చాల్సినప్పుడు కోర్టు అనుమతితో తీసుకోవచ్చు.

సదరం మీద ఎన్టీఆర్ భరోసా పింఛనుకూ దరఖాస్తు పెట్టండి, నెలకు 6 వేలు. నాలుగు చక్రాల బండి ఉంటే ఇవ్వరంటారు గానీ, ఆటోకు ఆ అడ్డు లేదు. అందులో 2 వేలు పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. మిగతాది దగ్గర ఉంచుకోండి. కాలు ఉచితమే అయినా కొలతలకని, సరిచేయించాలని ఒకటికి నాలుగుసార్లు తిరగాలి. ఆ రోజుల్లో మీవారి ఆటో ఇంటి ముందే ఉంటుంది కదా.