నడుం నొప్పికి ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్తున్నావట

చి. శ్రావణికి,

పిన్ని దీవెనలు. నడుం పట్టేసి వారం నుంచీ అవస్థ పడుతున్నావనీ, ఆఫీసులో ఎవరో ఆస్టియోపాత్ (చేతులతో కండరాలు, కీళ్లు సవరించి వైద్యం చేసేవాళ్లు) దగ్గరికి వెళ్లమన్నారనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెళ్లు, తప్పు లేదు. కాకపోతే ఇక్కడ బ్రిటన్ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి కొన్ని సంగతులు చెప్తాను.

ముందు రిజిస్టర్ చూడు. బ్రిటన్‌లో 1993 చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో నమోదు కానివాళ్లు ఆస్టియోపాత్ అని చెప్పుకోవడం నేరం. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. వాళ్లది నాలుగైదేళ్ల చదువు, అందులో కనీసం వెయ్యి గంటలు పేషెంట్లను చూడాలి. అయినా వీళ్లు మందులు రాసే డాక్టర్లు కారు. అమెరికాలో మీ అన్నయ్య చూపించుకునే డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) మాత్రం పూర్తి స్థాయి డాక్టరే. ఇద్దరూ ఒకటే అనుకోకు.

ఈ వైద్యం పుట్టిందీ అమెరికాలోనే. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు 1864లో మెనింజైటిస్‌తో (మెదడు, వెన్నుపాము పొరల వాపు) తన పిల్లల్ని పోగొట్టుకుని, అప్పటి మందుల మీద నమ్మకం వదులుకున్నాడు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. ఎముకలు సరిచేస్తే ఒంట్లో రోగాలన్నీ పోతాయన్నది ఆ కాలపు మాట. ఇవాళ ఎవరైనా ఉబ్బసం కూడా నడుం నొక్కి తగ్గిస్తామంటే లేచి వచ్చెయ్.

మొదటిసారి సగం టైము ప్రశ్నలకే పోతుంది. ఎక్కడ కూర్చుంటావు, ఎలా పడుకుంటావు, ఏ మందులు వాడుతున్నావు అని అడుగుతారు. (మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసే సంగతి దాచకు!) తర్వాత నిలబెట్టి, ముందుకీ పక్కలకీ వంచి చూస్తారు. కండరాలు పిసుకుతారు, కీళ్లు మెల్లగా కదిలిస్తారు. ఒక్కోసారి పక్కకి పడుకోబెట్టి, మోకాలు మడిచి, చటుక్కున ఒక్క తోపు తోస్తారు. టక్‌మని వినిపిస్తుంది. ఎముక చోటికి చేరిన చప్పుడు కాదది, కీలులోని ద్రవంలో గాలి బుడగ చేసే శబ్దం. భయమేస్తే ఆ తోపు వద్దను, వేరే పద్ధతులున్నాయి. ముఖ్యంగా మెడ దగ్గర మొహమాటపడకు. పరీక్షించేటప్పుడు తోడుగా ఇంకొకరు ఉండాలని అడిగే హక్కు కూడా నీకుంది.

మర్నాడు ఒళ్లు కాస్త నొప్పులుగా ఉంటే కంగారు పడకు, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఈ వైద్యం వల్ల దొరికేది కాస్త ఉపశమనం. ఆ వెసులుబాటులో నువ్వు నడవాలి, వాళ్లు చూపించిన వ్యాయామాలు చెయ్యాలి. ఇక్కడి వైద్య మార్గదర్శకాలు కూడా నడుం నొప్పికి చేతివైద్యాన్ని వ్యాయామంతో కలిపితేనే ఒప్పుకుంటాయి. నాలుగైదు సిట్టింగులకీ తేడా కనిపించకపోతే మానెయ్. పది సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టించుకుంటామనేవాళ్లంటే నాకసలు గిట్టదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా ఆస్టియోపాత్ దగ్గరికి కాదు, అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

ఫీజు చాలావరకు మన జేబులోంచే. మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఉందేమో హెచ్‌ఆర్‌ని అడుగు. కొన్ని పాలసీల్లో ముందే అనుమతి నంబరు తీసుకోవాలి, లేకపోతే బిల్లు నీ నెత్తినే పడుతుంది.

ఉంటాను,
పిన్ని