తెల్ల రింగులను సూదితో గుచ్చకండి

మీ పాత ఇలియన్ పైప్స్ (ఐర్లండ్ బ్యాగ్‌పైప్ వాద్యం) మీద ఉన్న తెల్ల రింగులు ఏనుగు దంతమో కాదో తేల్చడానికి సూది కాల్చి గుచ్చనా అని అడిగారు. వద్దండీ! అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గుమంటుంది. భూతద్దం పెట్టి రింగు అంచును, అంటే అడ్డకోత వైపు చూడండి. దంతమైతే సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వల అల్లినట్టు ఉంటాయి. ఎముకలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. గీతలు మరీ పద్ధతిగా, సమాంతరంగా ఉంటే ప్లాస్టిక్ అయ్యే అవకాశమే ఎక్కువ.

దంతమని తేలినా టెన్షన్ వద్దు. కానీ 1990 నుంచి సైటిస్ (అంతరించిపోతున్న జీవుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నిషేధం ఉంది కాబట్టి, పర్మిట్ లేకుండా దేశం దాటించకండి. రింగులు మార్చాలనుకుంటే ఏనుగు దంతంలా కనిపించే కృత్రిమ పదార్థం దొరుకుతుంది. నాకైతే బ్లాక్‌వుడ్ కర్ర నలుపు మీద బాక్స్‌వుడ్ కర్ర రింగుల పసుపే అందం.